లిజవేతను మనం ఎందుకు మర్చిపోతాం? 'నేరము–శిక్ష' రెండోసారి చదివాక

అనురాధ, రాజమండ్రి

అందరికీ నమస్కారం. దోస్తోయెవ్‌స్కీ 'నేరము–శిక్ష' నేను మొదటిసారి డిగ్రీ రెండో సంవత్సరంలో చదివాను. ఈ వేసవి సెలవుల్లో మళ్ళీ పట్టుకున్నాను. మధ్యలో 22 ఏళ్ళు గడిచిపోయాయి. ఇన్నేళ్ళూ ఎవరైనా కథేమిటని అడిగితే ఒకటే చెప్పేదాన్ని: ఒక పేద స్టూడెంటు వడ్డీ వ్యాపారం చేసే ముసలమ్మను గొడ్డలితో చంపుతాడు, తర్వాత మనసులో నరకం పడతాడు.

మొన్న మొదటి భాగం ఏడో అధ్యాయం దగ్గర పుస్తకం మూసి కూర్చుండిపోయాను. చచ్చిపోయింది ఇద్దరు. 22 ఏళ్ళ పాటు నా లెక్కలో ఒక్కరే ఉన్నారు.

లిజవేత ఆ ముసలమ్మకు సవతి చెల్లెలు. 35 ఏళ్ళు. పొడగరి, బెరుకు మనిషి. అక్క చేత దెబ్బలు తింటూ రాత్రింబవళ్ళు చాకిరీ చేస్తుంది, పాత బట్టల బేరాలు చూస్తుంది. హత్యకు వేసుకున్న ప్లాను మొత్తం ఆమె ఇంట్లో ఉండదన్న దాని మీదే ఆధారపడింది. ముందురోజు సాయంత్రం సెన్నయా సంతలో ఒక వ్యాపారీ అతని భార్యా ఆమెను రేపు ఏడింటికి రమ్మంటారు, సమోవార్ (టీ కాచే పాత్ర) కూడా పెడతాం అంటారు. ఆమె "రేపా?" అని సాగదీస్తుంది, తటపటాయిస్తుంది, చివరికి "సరే, వస్తాను" అంటుంది. ఆ మాట మన స్టూడెంటు రస్కోల్నికోవ్ చెవిన పడుతుంది. రేపు ఏడింటికి ముసలమ్మ ఒంటరిగా ఉంటుందన్నమాట.

తీరా ఆ పని జరిగేటప్పుడు అతను తలుపు గడియ వేయడం మర్చిపోయాడు. లిజవేత పెద్ద మూటతో లోపలికి వచ్చి, గది మధ్యలో నిలబడి, కింద పడున్న అక్కను చూస్తోంది. అతను గొడ్డలెత్తి మీదికి వస్తే అరవదు. చిన్నపిల్లలు దేనికైనా భయపడి ఏడుపు మొదలెట్టే ముందు పెదవులు వంకరపోతాయి చూడండి, అలా అవుతుంది ఆమె ముఖం. అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ముఖం దాకా కూడా లేపదు. ఎడమ చెయ్యి కొంచెం లేపి, మెల్లగా ముందుకు చాపుతుంది, అతన్ని కాస్త పక్కకు జరపబోతున్నట్టు. అంతే.

ఈ చెయ్యి నేనెలా మర్చిపోయాను? రస్కోల్నికోవ్ కూడా మర్చిపోతాడు. మూడో భాగం చివర్లో తనకే ఆశ్చర్యం వేస్తుంది, ఆమెను చంపనే చంపనట్టు ఆమె సంగతే తలపుకు రావడం లేదేమిటా అని. అతను హంతకుడు, మరిచిపోవడం అతనికి అవసరం. నాకేం అవసరం? రచయిత మనమూ మర్చిపోవాలనే అలా రాశాడా, లేక ఆయన కూడా ఆమెను వదిలేశాడా? మీరు చదివినప్పుడు ఎలా ఉందో చెప్పండి.

వెంకట్, హనుమకొండ

అనురాధ గారూ, మంచి ప్రశ్న. నా జవాబు కొంచెం కటువుగా ఉంటుంది.

మర్చిపోవడానికి కారణం మనకు కాలేజీల్లో ఈ నవల నేర్పిన తీరు. రస్కోల్నికోవ్ సిద్ధాంతం గురించే చెప్పారు. అసాధారణ మనుషులకు నెత్తురు దాటిపోయే హక్కుందా, నెపోలియన్‌కు ఉన్నది నాకెందుకు లేదు, ఇదే చర్చ. ఆ చర్చకు ముసలమ్మ సరిపోతుంది, లిజవేత అడ్డం. ఆమెను తెస్తే సిద్ధాంతం మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

పీసరెవ్ అనే రష్యన్ విమర్శకుడు 1867లోనే, అంటే నవల వచ్చిన మరుసటి ఏడే, ఒక మాటన్నాడు. రస్కోల్నికోవ్ జబ్బు బుర్రలో లేదు, జేబులో ఉంది అని దాని సారాంశం. అద్దె బాకీ, తిండి లేదు, యూనివర్సిటీ మానేశాడు, చెల్లెలు తన కోసం ఇష్టం లేని పెళ్ళికి సిద్ధపడుతోంది. ఆ స్థితిలో ఉన్నవాడికి సిద్ధాంతం తర్వాత అతికించుకున్న బొట్టు బిళ్ళ లాంటిది. నేను పీసరెవ్ పక్షమే. మానసిక లోతు, నైతిక లోతు అని మనం మురిసిపోయే చాలా చోట్ల అసలున్నది ఆకలి.

పద్మజ, చీరాల

నేను ఇక్కడ ఎక్కువగా చదువుతుంటాను, రాయడం తక్కువ. ఈ ఒక్కటి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా అమ్మ 31 ఏళ్ళు కుట్టుమిషన్ మీద మమ్మల్ని పెంచింది. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు పండగలకే వచ్చేవాళ్ళు. మిగతా రోజులన్నీ చిరుగులు, కాజాలు, తిరగేసిన కాలర్లు. అందుకేనేమో ఈ నవలలో నాకు గొడ్డలి కన్నా గట్టిగా తగిలింది ఒక చొక్కా.

రెండో భాగంలో రస్కోల్నికోవ్ జ్వరంతో మంచం మీద ఉంటాడు. స్నేహితుడు రజుమీఖిన్, డాక్టరు జోసిమోవ్ హత్య గురించి మాట్లాడుకుంటుంటారు. తలుపు దగ్గర పనిమనిషి నస్తాస్యా నిలబడి ఉంటుంది. ఉన్నట్టుండి ఆమె రస్కోల్నికోవ్ వైపు తిరిగి, లిజవేతను కూడా చంపారట అంటుంది. అతను ఎవరా అన్నట్టు గొణుగుతాడు. పాత బట్టలమ్మే లిజవేత, ఇక్కడికి వచ్చేది, నీకు ఒక చొక్కా కూడా బాగుచేసి పెట్టింది కదా అంటుంది.

అతను గోడ వైపు తిరిగిపోతాడు. పసుపు రంగు కాగితం అంటించిన గోడ. దాని మీద తెల్లపూలు. ఒక పువ్వును ఎంచుకుని దానికెన్ని రేకులు, రేకుల అంచులకు ఎన్ని పళ్ళు, వాటి మీద ఎన్ని గీతలు ఉన్నాయో చూస్తూ పడుకుంటాడు. కాళ్ళూ చేతులూ మొద్దుబారిపోతాయి, కదపాలని కూడా అనుకోడు.

అంతే సీను. "పశ్చాత్తాపంతో కుమిలిపోయాడు" అని ఒక్క మాట లేదు. నేను చదివినప్పుడు అక్కడ ఆగిపోయి మా అమ్మను చూశాను, కళ్ళజోడు ముక్కు మీదకు జారి, సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎవరి చొక్కా ఎవరు కుడతారో కుట్టించుకున్నవాళ్ళకు గుర్తుండదండీ. కుట్టినవాళ్ళకు గుర్తుంటుంది. అమ్మ ఇప్పటికీ ఊళ్ళో ఎవరినైనా చూస్తే ముందు భుజం కొలత చెబుతుంది, తర్వాతే పేరు.

కాబట్టి రచయిత ఆమెను వదిలేశాడంటే నేను ఒప్పుకోను.

రఫీ, కడప

పద్మజ గారు రాసింది చదివి మళ్ళీ ఆ పేజీ తీశాను. ఇన్నిసార్లు చదివినా చొక్కా మాట నా కంట పడలేదు. నిజంగా కృతజ్ఞుణ్ణి అక్కా.

దీనికి కలిసొచ్చేది ఇంకొకటి చెబుతాను. అనురాధ గారు చెప్పిన ఆ ఎడమ చెయ్యి మళ్ళీ వస్తుంది.

అయిదో భాగం నాలుగో అధ్యాయం. ఇంటివాళ్ళ ఆకలి తీర్చడానికి ఒళ్ళమ్ముకోవాల్సి వచ్చిన సోన్యా అనే అమ్మాయి గదికి వెళ్ళి హత్య సంగతి చెప్పాలనుకుంటాడు, నోరు రాదు. తన గురించే "అతను" అంటూ వేరే మనిషి సంగతిలా చెబుతాడు. అతను లిజవేతను చంపాలనుకోలేదు, అనుకోకుండా చంపాడు, ముసలమ్మ ఒక్కతే ఉన్నప్పుడు చంపుదామని వెళ్ళాడు, ఇంతలో లిజవేత వచ్చింది, ఆమెను కూడా చంపాడు. చూశారా, మొదట వచ్చిన పేరు లిజవేతదే. తర్వాత, సరిగ్గా చూసి నువ్వే ఊహించుకో అంటాడు. సోన్యా చూస్తుంది. చూస్తుండగా ఆమె ముఖంలో అతనికి లిజవేత ముఖం కనిపిస్తుంది. అదే చిన్నపిల్ల భయం. సోన్యా కూడా ఎడమ చెయ్యి ముందుకు చాపుతుంది, వేళ్ళతో అతని ఛాతీని ఆనీ ఆననట్టు నెట్టుతూ మంచం మీద నుంచి మెల్లగా లేస్తుంది. ఆమె భయం అతనికీ అంటుకుంటుంది.

రెండు చోట్లా ఎడమ చెయ్యే. మధ్యలో దాదాపు నాలుగు భాగాల దూరం. 1866లో 'రూస్కీ వేస్త్నిక్' పత్రికలో నెలనెలా సీరియల్‌గా వస్తున్న నవల ఇది. గొడ్డలి సీను జనవరి, ఫిబ్రవరి సంచికల నాటిది, సోన్యా గది చాలా నెలల తర్వాతది. అప్పటి పాఠకుడికి ఆ చెయ్యి గుర్తుండకపోవచ్చు. రచయితకు గుర్తుంది. రస్కోల్నికోవ్ ఒంటికి గుర్తుంది. మనసు వద్దన్నా ఒంట్లో నిలిచిపోయిన జ్ఞాపకం అది. మానసిక లోతు అంటే నాకు అర్థమైంది ఇదే. పేజీల కొద్దీ ఆలోచనలు రాయడం ఇంకెవరైనా చేయగలరు.

వెంకట్ అన్నా, నెలనెలా డబ్బు కోసం రాసినవాడు కూడా దోస్తోయెవ్‌స్కీయే. అప్పులవాళ్ళు వెంటపడుతుంటే ఆ ఏడాది అక్టోబరులో ఇది పక్కన పెట్టి 'జూదరి' అనే నవలను 26 రోజుల్లో అన్నా స్నీత్కినా అనే స్టెనోగ్రాఫరుకు చెప్పి రాయించాడు. జేబు సంగతి ఆయనకు మీకంటే నాకంటే బాగా తెలుసు. అయినా రస్కోల్నికోవ్ దోచుకున్న పర్సు తెరిచి చూడడు, రాయి కింద పాతిపెడతాడు. ఆకలే అసలు కారణమైతే ఒక్కసారైనా తెరిచి చూసేవాడు కదా?

వెంకట్, హనుమకొండ

> ఒక్కసారైనా తెరిచి చూసేవాడు కదా?

ఇది గట్టి దెబ్బే తమ్ముడూ. ఆలోచించాలి. రేపు రాస్తాను.

మాధవి, డాలస్

చదువుతుంటే సంతోషంగా ఉంది, కానీ నాకొక అభ్యంతరం ఉంది. చెప్పకపోతే మనసు ఊరుకోదు.

రఫీ గారు చెప్పిన చెయ్యి అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ ఆ చెయ్యి ఎవరి కోసం? రస్కోల్నికోవ్ కోసం. లిజవేత చచ్చిపోయి అతని మనసు లోతు చూపించడానికి పనికొచ్చింది. ఆమె మనసులో ఏముందో మనకెప్పుడూ తెలియదు. నవల మొత్తం మీద ఆమె మాట్లాడింది సంతలో ఆ నాలుగు ముక్కలే. చావడిలో ఒక విద్యార్థి ఒక ఆఫీసరుతో ఆమె గురించి మాట్లాడతాడు: ఎప్పుడూ కడుపుతోనే ఉంటుందని, మెతక మనిషని, ఏమడిగినా ఒప్పుకుంటుందని. ఇద్దరూ నవ్వుకుంటారు. ఆ పిల్లలేమయ్యారు? ఎవరి పిల్లలు? ఒక్క మాట లేదు. ముసలమ్మను చంపి ఆ డబ్బుతో వందమందిని బతికించవచ్చన్న లెక్క ఆ విద్యార్థి నోటి నుంచే వస్తుంది. అదే టేబుల్ దగ్గర, అదే పూట.

రష్యన్ రచయిత నబొకోవ్‌కు ఈ నవల నచ్చదు. అమెరికాలో పాఠాలు చెప్పేటప్పుడు చనిపోయిన లాజరస్‌ను యేసు బతికించిన బైబిలు కథను సోన్యా రస్కోల్నికోవ్‌కు చదివి వినిపించే ఘట్టాన్ని తూర్పారబట్టాడు. ఆయన వాదనలో నాకు నచ్చే ముక్క ఒకటుంది: హంతకుడి నేరం ప్రతి వివరంతో చూపించారు, సోన్యా రోజూ చేయాల్సి వచ్చే పనిని మాత్రం ఒక్కసారి కూడా చూపించలేదు, అయినా ఇద్దరినీ పాపులని ఒక్క దీపం కింద కూర్చోబెట్టారు. అది కళలోనే లోపం అంటాడాయన. ఆయన మిగతా చిరాకంతా నాకక్కర్లేదు, ఈ ప్రశ్న మాత్రం న్యాయమైనది. ఆడవాళ్ళ బాధ ఇక్కడ మగవాడి ఆత్మకు సబ్బు లాగా వాడుకున్నట్టు లేదూ?

నేను కాలేజీలో కాన్‌స్టెన్స్ గార్నెట్ 1914 అనువాదం చదివాను. ఈ మధ్య పెవియర్, వొలొఖోన్‌స్కీల అనువాదం చదివాను. రెంటిలోనూ నాకు కలిగిన బాధ ఇదే.

సుబ్రహ్మణ్యం, అడ్వకేట్, గుంటూరు

మాధవి అమ్మా, నీ మాటలో బలముంది. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను, 38 ఏళ్ళుగా క్రిమినల్ సైడు ప్రాక్టీసు. నేను చూసింది నేను చెబుతాను.

జంట హత్యల కేసుల్లో రెండో మనిషిని కోర్టు హాలులో కూడా మర్చిపోతారు. ఎవరి మీద కక్షో వాళ్ళ పేరు మీద కేసు నడుస్తుంది. అడ్డం వచ్చినవాళ్ళు, నిద్రలోంచి లేచి వచ్చినవాళ్ళు, పాలు పోయడానికి వచ్చినవాళ్ళు "రెండో మృతుడు", "రెండో మృతురాలు" అయిపోతారు. పేపర్లో "మరొకరు మృతి" అని వస్తుంది. ఒక కేసులో వాదనలు రెండు రోజులు నడిచాక జడ్జిగారు ఫైలు పక్కన పెట్టి, ఆ రెండో ఆమె పేరేమిటి అని అడిగారు. రెండు వైపులా లాయర్లం కాగితాలు తిరగేశాం. నేనూ తిరగేశాను. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక నవల సంగతి. ఇందులో పోర్ఫిరీ అని ఒక దర్యాప్తు అధికారి ఉన్నాడు. నాకిష్టమైన పాత్ర. మనోవిజ్ఞానం రెండు కొసలున్న కర్ర అని అతనే ఒప్పుకుంటాడు. ఎటు పట్టుకుంటే అటు కొడుతుంది. అదే ప్రవర్తన దోషికీ సరిపోతుంది, నిర్దోషికీ సరిపోతుంది. నూరు కుందేళ్ళు కలిపినా గుర్రం కాదు, నూరు అనుమానాలు కలిపినా రుజువు కాదు అంటాడు. మనసు లోతుల గురించి ఇంత పెద్ద నవల రాసిన మనిషి ఆ లోతు కొలిచే పనిముట్టును నమ్మొద్దని తన పాత్ర చేతే చెప్పించాడు. మధ్యలో ఆ రంగులు వేసే కుర్రాడు మికోల్కా, చేయని నేరం ఒప్పుకుంటాడు, శిక్ష అనుభవించాలన్న మతపరమైన తపనతో. మనసును బట్టి కేసు తేల్చాలంటే అతన్ని సైబీరియాకు పంపాల్సి వచ్చేది.

చివరికి కేసు నిలబడింది ఒప్పుకోలు మీద, రాయి కింద దొరికిన సొత్తు మీద. పర్సులో 317 రూబుళ్ళు, మూడు 20 కోపెక్కుల బిళ్ళలు. చెమ్మకు పై నోట్లు పాడైపోయాయి. ఎంత దోచుకున్నాడో అతనికే తెలియకపోవడం కోర్టుకు నమ్మశక్యంగా అనిపించదు. మన దగ్గర అయితే పోలీసు ముందు ఒప్పుకున్నది 2024 దాకా అమల్లో ఉన్న 1872 ఎవిడెన్స్ యాక్టు 25వ సెక్షన్ ప్రకారం రుజువుగా చెల్లేది కాదు. కానీ అతను చూపిస్తే సొత్తు దొరికింది కాబట్టి 27వ సెక్షన్ కింద ఆ మేరకు నిలబడేది. చివరికి శిక్ష ఎనిమిదేళ్ళు. రెండు ప్రాణాలకు ఎనిమిదేళ్ళు.

ఆ ఒప్పుకోలు వాక్యం ఒక్కసారి చదవండి. పోలీసు స్టేషన్లో, మంచినీళ్ళ గ్లాసు వద్దని నెట్టేసి, నెమ్మదిగా ఆగి ఆగి చెబుతాడు. ఆ ముసలి ఆఫీసరు భార్యను, ఆమె చెల్లెలు లిజవేతను గొడ్డలితో చంపి దోచుకున్నది నేనే. నేనెన్నో ఒప్పుకోలు స్టేట్‌మెంట్లు చూశాను కనుక నా కన్ను అక్కడ ఆగింది. ముసలమ్మ పేరు అతను చెప్పడు. ఆమెకు అల్యోనా ఇవానొవ్నా అని పేరుంది, అతనికి తెలుసు, తాకట్టు పెట్టడానికి వెళ్ళినప్పుడు అలాగే పిలుస్తాడు. ఒప్పుకోలులో పేరు వచ్చింది ఒక్క లిజవేతకే.

అనురాధమ్మా, రచయిత మర్చిపోలేదు.

అనురాధ, రాజమండ్రి

సుబ్రహ్మణ్యం గారూ, ఈ పోస్టు మూడుసార్లు చదివాను. ఆ వాక్యం పుస్తకంలో పెన్సిల్‌తో గీసుకున్నాను.

చంద్రం మాస్టారు, విజయనగరం

ఆలస్యంగా చేరాను, క్షమించాలి. ఒక విమర్శ మన మీద మనమే చేసుకోవాలనిపిస్తోంది.

మన తెలుగులో ఇలాంటి నవల రాగానే ఒక లేబుల్ అంటిస్తాం. మనోవైజ్ఞానిక నవల, చైతన్య స్రవంతి, అస్తిత్వవాదం. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' మీద పరీక్షల్లో ఎన్ని జవాబు పత్రాలు దిద్దానో లెక్క లేదు. ప్రతి పిల్లవాడూ సీతారామారావు ఆత్మన్యూనత గురించి పేజీలు నింపుతాడు. అతని ఇంట్లో భార్య ఆ పూట ఏం తిన్నదని ఒక్కరూ రాయలేదు. తప్పు పిల్లలది కాదు, ప్రశ్న అలా ఇచ్చింది మేమే. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' కూడా అంతే. దయానిధి వేదాంతం గురించి వ్యాసాలు కొల్లలు. తల్లి మీద లోకం వేసిన నింద అతను ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంటాడుతుందే, దాని బరువు ఎంతో వాక్యం వాక్యం పట్టుకుని చూసిన విమర్శ ఎంత ఉంది?

లేబుల్ అంటిస్తే పుస్తకం అల్మారాలోకి పోతుంది. పద్మజమ్మ చొక్కా పట్టుకుంది, లాయరు గారు ఒప్పుకోలులో పేరు పట్టుకున్నారు. నేను 30 ఏళ్ళు క్లాసులో చెప్పిన దానికంటే ఇది మెరుగైన విమర్శ. ఇది పొగడ్త కోసం అనడం లేదు.

మాధవి గారి అభ్యంతరానికి జవాబు నా దగ్గర పూర్తిగా లేదు. ఒక్కటి మాత్రం తోస్తోంది. బఖ్తిన్ అనే రష్యన్ విమర్శకుడు 1929లో రాసిన పుస్తకంలో దోస్తోయెవ్‌స్కీ ప్రతి పాత్రకూ సొంత గొంతు ఉంటుందని, రచయిత గొంతు కూడా వాటిలో ఒకటే అని అన్నాడు. 1963లో దాన్ని పెంచి మళ్ళీ వేశాడు. ఆ లెక్కన లిజవేతకు గొంతు ఏది? ఉన్నదల్లా "సరే, వస్తాను". బఖ్తిన్ చెప్పినట్టు పెద్ద గొంతులన్నీ ఒకదానితో ఒకటి వాదించుకుంటుంటే వాటన్నిటి కిందా ఒక మూగతనం కూడా ఉంది. ఆ నవల గట్టిదనం దాని మీదే నిలబడిందేమో. అయితే మాధవి గారన్న పిల్లల ప్రశ్నకు ఇది జవాబు కాదు, నాకు తెలుసు.

వెంకట్, హనుమకొండ

నిన్న అన్నట్టు ఆలోచించాను. రఫీ అడిగిన పర్సు సంగతికి పీసరెవ్ దగ్గర తృప్తికరమైన జవాబు నాకు దొరకలేదు. ఒప్పుకుంటున్నాను.

కానీ ఒకటి పట్టుకున్నాను, ఇది నా పక్షానికి బలం. ఆ అపార్ట్‌మెంటులో ముసలమ్మ వడ్డీ మీద బతుకుతుంది. లిజవేత కూలి మీద బతుకుతుంది. సంపాదించిందంతా అక్కకే ఇస్తుంది. అక్క తన వీలునామాలో ఆమెకు కుర్చీలూ సామానూ తప్ప డబ్బు ఇవ్వదు, డబ్బంతా తన ఆత్మశాంతి కోసం మఠానికి రాసింది. చావడిలో విద్యార్థి చెప్పిన లెక్క గుర్తుందా, ముసలమ్మ చస్తే వందమంది పేదలు బాగుపడతారని? ఆ వందమందిలో మొదటి పేరు ఎవరిది కావాలి? లిజవేతదే. ముసలమ్మ దగ్గర అందరికంటే ఎక్కువ దోపిడీకి గురైంది ఆమె. పేదల కోసమని వేసిన లెక్క మొదటి గంటలోనే ఆ పేదనే చంపింది.

కాబట్టి జేబూ బుర్రా వేరు వేరు అని నేను మొదట రాసింది తప్పు. ఆ లెక్క వేసిన బుర్రకు ఎదురుగా నిలబడ్డ పేద మనిషి కనబడలేదు. చొక్కా కుట్టించుకున్నప్పుడు కూడా కనబడలేదు.

పద్మజ, చీరాల

వీలునామా సంగతి నేను గమనించలేదు వెంకట్ గారూ. అమ్మకు చదివి వినిపించాను. కుర్చీలా అని అడిగింది. అవునన్నాను. ఇంకేం మాట్లాడలేదు.

మాధవి, డాలస్

ఇందరు ఇంత శ్రద్ధగా జవాబిచ్చారు, నేను మొండికేయను. లిజవేత పేరు విషయంలో నేను పొరబడ్డానేమో. రచయిత ఆమెను గుర్తుపెట్టుకున్నాడు.

చివరి భాగం విషయంలో మాత్రం నాకింకా తీరలేదు. సైబీరియాలో రస్కోల్నికోవ్‌కు ఉన్నట్టుండి ప్రేమ, కన్నీళ్ళు, కొత్త జీవితం. అంతకు పది పేజీల ముందు దాకా అతనికి పశ్చాత్తాపమే లేదు. తప్పు చేశానని కాదు, తట్టుకోలేకపోయానని సిగ్గుపడతాడు. మొచూల్‌స్కీ అనే విమర్శకుడు ఈ ముగింపును భక్తితో చెప్పిన అబద్ధం లాంటిదన్నాడు, రస్కోల్నికోవ్ మనకింత బాగా తెలిశాక దీన్ని నమ్మలేం అని. ఆయన దోస్తోయెవ్‌స్కీని ప్రేమించి రాసిన మనిషి, శత్రువు కాదు. బఖ్తిన్‌కు కూడా ఆ ముగింపు పద్ధతి నచ్చలేదు. రఫీ గారూ, మీరేమంటారు?

రఫీ, కడప

మాధవి గారూ, ఆ ముగింపు తొందరపాటుగా ఉందని నాకూ అనిపించేది. కానీ జీవితం తెలిసినవాడు రాశాడని మర్చిపోలేను. 1849 డిసెంబరులో దోస్తోయెవ్‌స్కీని సెమ్యోనొవ్‌స్కీ మైదానంలో తుపాకుల ముందుకు తీసుకెళ్ళి, ఆఖరి నిమిషంలో శిక్ష మార్చి, ఓమ్‌స్క్ జైలుకు పంపారు. నాలుగేళ్ళు సంకెళ్ళతో ఉన్నాడు. దారిలో తొబోల్‌స్క్‌లో కొందరు స్త్రీలు ఇచ్చిన కొత్త నిబంధన పుస్తకం ఆ నాలుగేళ్ళూ తలగడ కింద ఉంది. రస్కోల్నికోవ్ తలగడ కింద కూడా ఒక కొత్త నిబంధన ఉంటుంది. తెరవడు. చివరి పేజీలో చేతిలోకి తీసుకుంటాడు, అప్పుడు కూడా తెరవడు. ఆ తెరవకపోవడం నాకు నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. అబద్ధం చెప్పేవాడైతే తెరిపించి చదివించేవాడు.

అనురాధ, రాజమండ్రి

రఫీ గారి పోస్టు చదివి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి పుస్తకం తీశాను. స్టవ్ మీద పప్పు అడుగంటింది, ఇప్పుడే దించి వచ్చాను. ఇది వెంటనే చెప్పాలి.

తలగడ కింద ఉన్న పుస్తకం సోన్యాది. లాజరస్ కథ చదివి వినిపించిన ఆ పుస్తకమే అని రచయిత స్పష్టంగా రాశాడు. ఇప్పుడు నాలుగో భాగంలో లాజరస్ ఘట్టానికి వెళ్ళండి, నబొకోవ్‌కు నచ్చని ఆ ఘట్టానికే. సొరుగుల బీరువా మీద పాత పుస్తకం, తోలు అట్ట, బాగా వాడింది. ఇది ఎక్కడిది అని రస్కోల్నికోవ్ అడుగుతాడు. సోన్యా కాస్త దూరంగా నిలబడి, ఇష్టం లేనట్టుగా, లిజవేత తెచ్చింది, నేనే అడిగాను అంటుంది. మీరిద్దరూ స్నేహితులా అంటాడు. అవును, తరచుగా రాలేకపోయేది, వచ్చినప్పుడు కలిసి చదువుకునేవాళ్ళం, మాట్లాడుకునేవాళ్ళం అంటుంది. ఆమె దేవుణ్ణి చూస్తుంది అంటుంది.

అంటే సైబీరియాలో అతను తలకింద పెట్టుకుని పడుకున్నది లిజవేత పుస్తకం. ముగింపు మీద ఇంత వాదన జరిగింది, నేను చదివిన వాటిలో ఎవరూ ఈ పుస్తకం ఎవరిదని అడగలేదు. రచయిత కూడా అక్కడ లిజవేత పేరు మళ్ళీ ఎత్తడు. సోన్యాది అని మాత్రం అంటాడు. మిగతాది మనకు గుర్తుంటే గుర్తున్నట్టు.

మాధవి గారూ, మీ ప్రశ్న అలాగే ఉంది, నాకు తెలుసు. ఆమెకు లోపలి గొంతు ఇవ్వలేదు. కానీ ఆమెకు ఒక స్నేహితురాలుందట, ఇద్దరూ కలిసి చదువుకునేవాళ్ళట. చావడిలో ఆ మగవాళ్ళు నవ్వుకున్నదానికి దీనికి పొంతన ఉందా? వాళ్ళకు తెలిసిన లిజవేత వేరు, సోన్యాకు తెలిసిన లిజవేత వేరు.

మాధవి, డాలస్

ఇక్కడ అర్ధరాత్రి దాటింది. లేచి లైటు వేసి ఆ పేజీ చదివాను. కలిసి చదువుకునేవాళ్ళం అన్న చోట నా గొంతు పట్టేసింది. ఇంతకు ముందు రెండు అనువాదాల్లో ఆ వాక్యం దాటుకుంటూ వెళ్ళిపోయాను.

ఆ పిల్లల సంగతి మాత్రం నేను వదలను.

చంద్రం మాస్టారు, విజయనగరం

వదలొద్దమ్మా.

రఫీ, కడప

ఇంకొక్కటి ఉంది, ఇదీ లిజవేతదే. లొంగిపోవడానికి వెళ్ళే ముందు శిలువ తీసుకోవడానికి సోన్యా దగ్గరికి వస్తాడు. సోన్యా దగ్గర రెండున్నాయి. సైప్రస్ చెక్కది తనది, అది అతని మెడలో వేస్తుంది. రాగిది లిజవేతది. ఇద్దరు స్నేహితురాళ్ళూ ఇచ్చిపుచ్చుకున్నప్పుడు లిజవేత తన శిలువ ఇచ్చి సోన్యా దగ్గర చిన్న ప్రతిమ తీసుకుంది. ఆ రాగి శిలువ ఇప్పుడు సోన్యా వేసుకుంటుంది.

రస్కోల్నికోవ్ అప్పటిదాకా వెటకారంగా మాట్లాడుతుంటాడు. రాగిది చూసి, ఇది లిజవేతదా, నువ్వు వేసుకుంటున్నావా, ఏదీ చూపించు అంటాడు. తర్వాత అడుగుతాడు: అయితే ఇది ఆమె మెడలో ఉందా, ఆ క్షణంలో?

సోన్యా ఏం చెప్పిందో నవలలో లేదు.